మీటింగు ఎవరి ఇంట్లో పెడదాం?
(పట్టణ సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడు ఈ సభలో మాకు ఇచ్చే అంశం పొదుపు, లేకపోతే రికవరీ, లేకపోతే గ్రేడింగు. ఈసారి "సమాజంలో వివక్ష - అప్పుడు, ఇప్పుడు" అని ఇచ్చిన్రు. మా పది మందిమి నాలుగు ఆదివారాలు కూర్చొని మాట్లాడుకున్నం. అందులో వచ్చిన ముచ్చట్లనే కాగితం మీద పెట్టినం. చదివేది ఒక్కరమైనా మాట మాత్రం పది మందిది. అందుకే "మేము" అనే చెప్తున్నం. తేదీలు, పేర్లు గ్రంథాలయంలో పుస్తకాలు చూసి రాసుకున్నం.

"అప్పుడు" అంటే ఎక్కడ మొదలుపెట్టాలె అని మొదటి ఆదివారమే పంచాయితీ అయింది. మాలో పెద్దామె "వెట్టితోని మొదలుపెట్టుండ్రి" అన్నది. నిజాం రాజ్యంల దేశ్‌ముఖులు, జాగీర్దార్లు, పటేల్ పట్వారీలు ఊర్లను ఏలేటప్పుడు ప్రతి కులానికి ఒక వెట్టి ఉండేది. మాల, మాదిగ ఇండ్ల నుంచి దినాం ఒక మనిషి దొర గడీకి పోవాలె. వాకిలి ఊడ్వాలె, కట్టెలు కొట్టాలె, మూట మోసుకొని పక్క ఊరికి పోయి రావాలె. చాకలోళ్ళు బట్టలుతకాలె, కుమ్మరోళ్ళు కుండలియ్యాలె, సర్కారు అధికారి ఊరికి వస్తే అందరూ కలిసి మర్యాదలు చెయ్యాలె. కూలి లేదు. దొర బిడ్డకు పెండ్లయితే ఆమె వెంట అత్తగారింటికి పనిపిల్లలను పంపేటోళ్ళు. వాళ్ళను ఆడబాపలు అనేటోళ్ళు. ఆ పిల్లలకు పెండ్లి లేదు, ఇల్లు లేదు. "మా నాయనమ్మ బాలింతగా ఉన్నప్పుడు సుత నాట్లకు పోయింది, పిల్లకు పాలియ్యనీకి గట్టు మీదికి రానియ్యలేదట" అని పెద్దామె చెప్పింది. తన సొంత నాయనమ్మ ముచ్చట చెప్తుంటే ఆమె గొంతు వణికింది. మేము కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇందులో మన సంఘాలకు దగ్గరి ముచ్చట ఒకటి ఉన్నది. వెట్టికి తోడు అప్పు ఉండేది. పెండ్లికో చావుకో దొర దగ్గర కొంచెం అప్పు తీసుకుంటే అది తీరేదాక జీతముండాలె. వడ్డీ లెక్క దొరదే, రాసేది దొర గుమాస్తానే. తండ్రి తీర్చకపోతే కొడుకు జీతముంటడు. అప్పుకు మనిషిని కట్టేసే పద్ధతిని దేశమంతట రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. అంటే మాలో కొందరి అమ్మలకు అప్పటికే పెండ్లీడు వచ్చింది. మన పుస్తకాలు మనమే రాసుకోవాలె, వడ్డీ ఎంతో మీటింగులో అందరి ముందు చదవాలె అని పంచసూత్రాలలో చెప్తే కొందరు విసుక్కుంటరు. లెక్క వేరేవాళ్ళ చేతిల ఉంటే ఏమైతదో మన ముందటి తరాలు చూసినయి.

రెండో ఆదివారం జోగిపేట ముచ్చట వచ్చింది. జోగిపేట ఇప్పుడు సంగారెడ్డి జిల్లాల ఉన్నది గాని 2016 దాక మన మెదక్ జిల్లానే. మనం పెండ్లి బట్టలకు పోయే ఆ జోగిపేటలనే 1930లో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. దాంతోపాటే ఆడవాళ్ళ సభ వేరేగా జరిగింది. దానికి నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. ఆడవాళ్ళు గడప దాటితేనే తప్పు అనే రోజులల్ల మన దగ్గర ఆడవాళ్ళ సభ జరిగింది, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడుకున్నరు అంటే మాకు గర్వమనిపించింది.

అదే సభకు హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మ గారు వచ్చారు. ఆయన మాల కుటుంబంల పుట్టిన మనిషి. 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. 1910లో ఇసామియా బజారులో అంటరాని కులాల పిల్లలకు బడి తెరిచారు. తర్వాత అట్లాంటి బడులు ఇరవైకి పైగా నడిపారు. ఆడపిల్లలను దేవుని పేరు మీద జోగినులుగా విడిచే ఆచారం మీద గట్టిగా కొట్లాడారు. (దాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంల చట్టం వచ్చింది 1988లో. ఆయన చనిపోయింది 1939లో. చూడుండ్రి ఎంత తేడా ఉన్నదో.) అట్లాంటి మనిషి జోగిపేట సభలో మాట్లాడతానంటే ఒప్పుకోని పెద్దమనుషులు ఉన్నరు. అందరి బాగు కోసం పెట్టిన సభనే, తెలుగుకు అవమానం జరిగిందని పుట్టిన సంఘమే. అయినా ఒక మనిషి మాట్లాడటానికి లేస్తే అతని కులం అడ్డం వచ్చింది. చివరికి ఆయన మాట్లాడిన్రు.

ఈ ముచ్చట చదివినంక మా రెండో లీడరు ఒకటే మాట అన్నది. "అది 1930. మన మీటింగు పోయిన వానకాలం." ఆ మాట ఎందుకన్నదో తర్వాత చెప్తం.

ముందు చట్టాల ముచ్చట తొందరగా చెప్పి ముగిస్తం, అవి అందరికీ తెలిసినవే. అంటరానితనం రద్దు అని రాజ్యాంగం 17వ అధికరణంలో ఉన్నది. బావులు, చెరువులు, హోటళ్ళు, దుకాణాలలో కులం పేరు మీద అడ్డుకోవద్దని 15వ దాంట్లో ఉన్నది. 1955లో ఒక చట్టం, 1989లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చినయి. ఈ 1989 చట్టం ఊరికే రాలేదు. 1985లో ప్రకాశం జిల్లా కారంచేడుల మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర బర్రెలకు కుడితి పెట్టి, ఆ బకెట్లు అక్కడనే కడుగుతుంటే ఇదేందని అడిగినందుకు గొడవ మొదలయింది. తెల్లారి ఆ వాడ మీద పడి మనుషులను చంపిన్రు. అంతకు ముందు 1927లో మహారాష్ట్రల మహద్‌లో అంబేద్కర్ గారు వేల మందితోని పోయి ఊరి చెరువు నీళ్ళు తాగింది సుత నీళ్ళ కోసమే. నీళ్ళు తెచ్చేది ఎవరు? మనమే. ఈ దేశంల కులం గొడవలల్ల సగం నీళ్ళకాడ, పొయ్యికాడ ఉన్నయి. అంటే ఆడవాళ్ళు ఉండే జాగలల్లనే.

ఇక "ఇప్పుడు" దగ్గరికి వస్తం.

రెండు గ్లాసుల పద్ధతి అందరికీ ఎరుకే. ఊర్ల హోటల్లో అందరికి ఒక గ్లాసు, దళితులకు వేరే గ్లాసు, తాగినంక వాళ్ళే కడిగి పెట్టాలె. మా పట్నంల అదిప్పుడు లేదు. ఏ చాయ్ హోటలుకు పోయినా అందరికీ పేపరు కప్పే. మాలో ఒకామె నవ్వుకుంట అన్నది, "అంబేద్కర్ సారు ఒకదిక్కు, పేపరు కప్పు ఒకదిక్కు కలిసి రెండు గ్లాసులను పోగొట్టినయి" అని. నిజంగా పోయిందా లేకపోతే కప్పు కింద దాక్కున్నదా అన్నది మాకు పోయిన వానకాలంల తెలిసింది.

మా సంఘంల పది మందిమి ఆరు కులాల వాళ్ళం ఉంటం. ఒక ముస్లిం చెల్లె ఉన్నది, బీడీలు చేస్తది. ఇద్దరు బట్టలు కుడతరు. మా రెండో లీడరు మాదిగ ఆమె, రోడ్లు ఊడ్చే పనికి పోతది. పుస్తకాలు ఆమెనే రాస్తది, రాత ముత్యాల లెక్క ఉంటది. ఎనిమిదేండ్ల నుంచి ఒక్క కిస్తు తప్పలేదంటే ఆమె లెక్క వల్లనే. మీటింగు ఎప్పుడూ మొదటి లీడరు ఇంటి అరుగు మీదనే అయ్యేది, జాగా పెద్దది కాబట్టి. వానకాలంల ఆ ఇంటి కప్పు కారి రిపేరు పెట్టిన్రు. "అయితే మా ఇంటికి రాండ్రి" అని రెండో లీడరు పిలిచింది.

ఆ రోజు ఆరుగురమే పోయినం. ఒకామెకు జ్వరం, ఒకామె ఇంటికి చుట్టాలు, ఇద్దరికి ఉపాసం. సరే అనుకున్నం. పదిహేను రోజులకు మళ్ళీ అక్కడనే పెట్టినం. మళ్ళీ ఆ నలుగురే రాలేదు. ఎవ్వరూ కులం మాట ఎత్తలేదు. ఇప్పటి వివక్ష ఇట్లనే ఉంటది. ఎవ్వరూ ఏమీ అనరు. జ్వరం వస్తది, ఉపాసం వస్తది. హాజరు పట్టీల రెండుసార్లు నాలుగు గడులు ఖాళీగా ఉన్నయి, అంతే. మూడోసారి ఇద్దరు వచ్చిన్రు. రెండో లీడరు స్టీలు గ్లాసులల్ల చాయ్ తెచ్చేలోపల వాళ్ళల్ల ఒకామె లేచి పక్క కిరాణంకు పోయి పేపరు కప్పుల పొట్లం కొనుక్కొని వచ్చింది. "నీకు గ్లాసులు కడిగే పని ఎందుకక్కా, అలసిపోతవ్" అన్నది. ఎంత మంచి మాట! రెండో లీడరు తెచ్చిన చాయ్ తెచ్చినట్టే లోపలికి తీసుకపోయింది.

అప్పుడే మా పాత లోను తీరి కొత్త లింకేజీ లోనుకు పెట్టుకునే టైము. తీర్మానం రాయాలె, పది మంది సంతకాలు పెట్టాలె, లీడర్లిద్దరూ బ్యాంకుకు పోవాలె. రెండో లీడరు ఏమన్నదంటే, "తీర్మానం నేనే రాస్త, సంతకం పెడ్త. కాని ఆ తీర్మానం మా ఇంట్లనే రాయాలె, పది మంది వచ్చి రాయాలె. నా సంతకంతోని వచ్చే పైసలు మీ ఇంటికి వస్తయి, నా గ్లాసు మీ నోటికి రాదా?" అన్నది. ఆమె అరవలేదు. పుస్తకాలన్నీ సంచిల పెట్టి మూతి కట్టి గూట్లె పెట్టింది.

నెలన్నర లోను ఆగింది. ఆ నెలన్నర మాకు తెలుసు ఎట్ల గడిచిందో. ఒకామె బిడ్డ నర్సింగు కాలేజీ ఫీజు కట్టాలె. ఇంకొకామె మిషను కొననీకి బయానా ఇచ్చింది, అది పోయేటట్టు ఉన్నది. ఇండ్లల్ల మగవాళ్ళు మధ్యలకు వచ్చిన్రు. "ఆమెను లీడరుగా తీసేసి వేరే ఆమెను పెట్టుకోండ్రి, పని అయితది" అన్న సలహా సుత వచ్చింది. మాలో కొందరు సరే అననీకి తయారయిన్రు. అప్పుడు పెద్దామె, వెట్టి ముచ్చట చెప్పిన ఆమె, అడ్డం తిరిగింది. ఆమె కుమ్మరామె. "కుండ నేను చేస్తే అందరూ నీళ్ళు తాగుతరు, ఆమె గ్లాసుల తాగితే ఏమైతది? లీడరును తీసేస్తే నా పేరు సుత తియ్యుండ్రి" అన్నది. పైసలు ఇరుక్కున్నయి కాబట్టి వచ్చినమా, మనసు మారి వచ్చినమా అంటే, ఒక్కొక్కరిది ఒక్కో తీరు. మేము దాన్ని తవ్వలేదు.

చివరికి తొమ్మిది మందిమి పోయినం. తీర్మానం అక్కడనే రాసినం. ఏడుగురం స్టీలు గ్లాసుల చాయ్ తాగినం, ఒకామె గ్లాసు ముట్టి పక్కకు పెట్టింది. ఇంకొకామె చాయ్ అలవాటు లేదన్నది, నిజంగానే ఆమెకు అలవాటు లేదు, అది మాకు ముందు నుంచే తెలుసు. పదో ఆమె రాలేదు, సంఘం నుంచి పేరు తీసుకొని వేరే సంఘంల చేరింది. ఆమె పొదుపు పైసలు వడ్డీతో లెక్క కట్టి ఇచ్చినం, లెక్క కట్టింది రెండో లీడరే. ఆమె జాగల కొత్త చెల్లె చేరింది. లోను వచ్చింది, ఫీజు కట్టిన్రు. మిషను బయానా మాత్రం పోయింది.

గ్లాసు పక్కకు పెట్టిన ఆమె ఈ కాగితం రాస్తుంటే పక్కనే ఉన్నది. "నా మాట సుత రాయుండ్రి" అన్నది. "నాకేమీ లేదు. కాని మా అత్తకు తెలిస్తే పొయ్యికాడికి రానియ్యదు, నేను ఎక్కడ వండుకోవాలె?" అని. ఆమె మాట సుత నిజమే. ఇంట్లో ఆమె మీద పెద్దరికం నడుస్తది, ఆమె పోయి ఇంకొకరి మీద చూపిస్తది. అత్త మీద ఎవరున్నరో మనకు తెలుసు. కులాన్ని, ఆడవాళ్ళను తొక్కే పద్ధతిని వేరు వేరుగా చూస్తే ఈ ముడి విప్పుడు కష్టమని మాకు అప్పుడు అర్థమయింది.

అమెరికాల నల్లవాళ్ళకు, తెల్లవాళ్ళకు బస్సుల వేరు వేరు సీట్లు ఉండేవి. 1955లో రోజా పార్క్స్ అనే ఆమె తన సీటు నుంచి లేవనన్నది. ఆమె బట్టలు కుట్టే పనికి పోయి ఇంటికి వస్తున్నది ఆ రోజు. ఆమెను అరెస్టు చేస్తే ఆ ఊరి నల్లవాళ్ళు ఏడాదికి పైగా బస్సులు ఎక్కలేదు, నడిచి పనికి పోయిన్రు. మా సంఘంల బట్టలు కుట్టే ఇద్దరు ఈ ముచ్చట విని, "ఆమె సీటు ఇడవలేదు, మన లీడరు సంచి ఇడవలేదు" అన్నరు. పోలిక పెద్దదేమో, కాని వాళ్ళ మాట ఉన్నట్టే రాసినం.

కూలి ముచ్చట సుత చెప్పాలె. ఒకటే స్లాబు కింద మగమనిషికి 800, ఆడమనిషికి 500 ఇస్తరు. తట్ట మోసేది, ఇసుక జల్లెడ పట్టేది ఆడమనిషే. సమాన పనికి సమాన వేతనం అని చట్టం వచ్చింది 1976లోనే. ఉపాధి హామీ పనిల మాత్రం ఇద్దరికీ ఒకటే లెక్క, అది ఊర్లకే గాని మన పట్నంల లేదు. మన మెదక్ చర్చి చూడనీకి దేశం నుంచి జనం వస్తరు. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాడు తెరిచిన్రు. కరువు కాలంల పని చేసినోళ్ళకు తిండి పెట్టి కట్టించిన్రని గైడు చెప్తడు. ఆ రాళ్ళు, సున్నం ఎత్తినోళ్ళల్ల ఆడవాళ్ళు ఎంత మంది, వాళ్ళకు ఎంత పెట్టిన్రు అని మాలో ఒకామె గైడును అడిగింది. ఆయన తలకాయ గోక్కున్నడు.

ఊడ్చే పని, మోరీల పని ఇప్పటికీ ఒక్క కులం వాళ్ళకే ఎందుకు ఉంటది అని మా రెండో లీడరు అడుగుతది. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టాలు వచ్చినయి. దీని కోసం కొట్లాడిన బెజవాడ విల్సన్ గారు కర్ణాటకల కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు దళిత కుటుంబంల పుట్టిన మనిషి, ఇంట్లవాళ్ళు అదే పని చేసేటోళ్ళు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. అవార్డు వచ్చిన నాడు పేపరు ఫోటో కోసి మా రెండో లీడరు పుస్తకాల సంచిలనే పెట్టుకున్నది.

అన్నీ చెడ్డవే ఉన్నయని మేము అంటలేము. 1980లో దేశ ప్రధాని ఇందిరాగాంధీ మన మెదక్ ఎంపీ. అప్పుడు మన అమ్మలు వేలిముద్ర పెట్టేటోళ్ళు, ఇప్పుడు ఈ హాలుల వేలిముద్ర పెట్టేవాళ్ళు పదిమంది ఉంటరేమో. బొల్లారంల దళిత కుటుంబంల పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి గారు మంత్రి అయిన్రు, 1960లో అసెంబ్లీ డిప్యూటీ స్పీకరు అయిన్రు. జహీరాబాద్ దిక్కు మాచనూరుల 2008 నుంచి దళిత ఆడవాళ్ళే సంగం రేడియో నడుపుతున్నరు, మైకు ముందు కూర్చొని జొన్నల గురించి, విత్తనాల గురించి మన యాసలనే మాట్లాడతరు. వాళ్ళు సుత మన లెక్క సంఘాల ఆడవాళ్ళే.

ఇంకొకటి మన సభలదే. ఇందాక ఈ హాలు గేటుకాడ అందరికీ బొట్టు పెట్టి పువ్వు ఇచ్చిన్రు. భర్త చనిపోయిన అక్కలు రాగానే బొట్టు పెట్టే చెల్లె చెయ్యి ఆగింది. వాళ్ళు సుత అలవాటుగా పక్క నుంచి లోపలికి వచ్చిన్రు. ఆ చెల్లెది తప్పు అంటలేము, ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాని ఈ సమాఖ్యల సగం పనులు ముందుండి చేసేది వాళ్ళే. పొదుపు పుస్తకంల వాళ్ళ పైసలకు తేడా లేదు.

ఇల్లు కిరాయికి అడిగితే "ఇంటిపేరేంది? ఏ ఊరోళ్ళు? కూర తింటరా?" అని తిప్పి తిప్పి అడుగుడు, అక్కచెల్లెళ్ళకు పసుపు కుంకుమ కింద చీర పెట్టి భూమి మీద హక్కు లేదని సంతకం తీసుకునుడు, ఇవి సుత రాసుకున్నం. మన రాష్ట్రంల ఆడపిల్లలకు ఆస్తిల సమాన వాటా 1985 నుంచే ఉన్నది, దేశమంతటికీ 2005లో వచ్చింది. టైము లేదు కాబట్టి ఇవి వార్డు మీటింగులల్ల మాట్లాడుకుందాం.

మా సంఘం తరఫున సమాఖ్య ముందు పెడుతున్న తీర్మానం ఇది. ప్రతి సంఘం మీటింగు వంతుల వారీగా సభ్యులందరి ఇండ్లల్ల పెట్టాలె, ఎవరి ఇంట్లో అయిందో తీర్మానాల పుస్తకంల రాయాలె, పుస్తకాలు చూసేటప్పుడు ఆర్పీ అక్కలు అది సుత చూడాలె. ఇల్లు చిన్నదంటే ఇంటి ముందట చాప వేసుకుంటం. చాయ్ ఇచ్చేది ఆ ఇంటి గ్లాసులల్లనే. కొత్త సంఘాలు కట్టేటప్పుడు ఒక్క కులం వాళ్ళనే ఒకదగ్గర చేర్చవద్దు. వచ్చే మహాసభ నుంచి గేటుకాడ బొట్టు పెడితే వద్దనుకున్నవాళ్ళు వద్దనాలె గాని, పెట్టేవాళ్ళు ఆగవద్దు. భర్త చనిపోయిన అక్కలే పెడితే ఇంకా మంచిది. లీడరును తీసేసే తీర్మానం వస్తే ఎందుకో కారణం రాయకుండా సమాఖ్య దాన్ని ఒప్పుకోవద్దు.

కాగితం మీద ఇద్దరు లీడర్లం, ఎనిమిది మంది సభ్యులం సంతకాలు పెట్టినం. అధ్యక్షురాలు గారికి ఇప్పుడు ఇస్తున్నం, చేతులెత్తించి లెక్కపెట్టమని కోరుతున్నం. మా వచ్చే మీటింగు రెండో శనివారం, బీడీలు చేసే చెల్లె ఇంటికాడ ఉన్నది. సమాఖ్య నుంచి ఎవరన్నా రావచ్చు.